గోబర్ గ్యాస్ గృహప్రవేశం

ముందుగా ఒక్క మాట చెప్పీసి అప్పుడు టీ తాగుతాను. డ్రమ్ము పేలలేదు. మా తోడల్లుడు గాల్లోకి ఎగరలేదు. పంతులు గారు స్కూటరేసుకొని పక్కూరు కుమ్హారి దాకా పారిపోలేదు, మా వీధి మలుపు దాకానే వెళ్ళారు. గృహప్రవేశానికి రానోళ్ళే ఇన్ని రకాలుగా చెప్తంటే, వచ్చినోళ్ళు ఇంకేటి చెప్పుంటారో! కాస్త చల్లారిపోతాదిలే అనుకొని వారం రోజులు సెలవు పెట్టీసి ఇంట్లో కూచున్నాను. చల్లారడం మాట దేవుడెరుగు, ఈవేళ స్టీలు ప్లాంటు గేటు దగ్గర కార్డు పంచ్ చేస్తంటే సెక్యూరిటీ వాడు కూడా అడిగీసాడు: "క్యా నాయుడూజీ, సునా హై ఆప్ గోబర్ మే కూద్ గయే?"

పేడలో దూకలేదురా బాబూ, జారాను! దూకడానికీ జారడానికీ తేడా లేదేటి?

సరే, కూచోండి. మీరు ముగ్గురూ ఆ ఆదివారం ఫస్ట్ షిఫ్టులో ఉండిపోయారు కాబట్టి బతికిపోయారు. మీ బట్టలు బతికిపోయాయనుకోండి. ఎవడో మసాలా వేసి చెప్పింది వినడం ఎందుకు, ఉన్నదున్నట్టు నేనే చెప్తాను. మధ్యలో నవ్వకండి. నవ్వితే టీ నేను చెప్పను.

కోహ్కాలో ఇల్లు కడుతున్నానని మీకు తెలుసు. మా ఆవిడ రవణమ్మ పెళ్ళయి బొబ్బిలి దగ్గర్నుంచి ఈ ఊరొచ్చిన కాడ్నించి మేముండేది క్యాంప్ 2 బస్తీలో అద్దె గది. వంటకి సిగ్డీ. బొగ్గుల కుంపటి అంటే మన ఊళ్ళో ఎప్పుడో ఒకసారి పాలు కాచుకోడానికి గాని, ఇక్కడ పొద్దున్నా సాయంత్రం అదే కదా. సాయంత్రమయ్యేసరికి వీధిలో ఇంటికొక సిగ్డీ గుమ్మం ముందు పెట్టి ముట్టిస్తే, ఎదరింటి గోడ కూడా కనబడదు. ఆ పొగ ఇన్నేళ్ళు పీల్చి పీల్చి మా ఆవిడకి దగ్గు పట్టుకుంది. రాత్రి దగ్గడం మొదలెడితే గుండె బయటికొచ్చీస్తాదేమో అనిపించేది. నేను గోడవైపు తిరిగి పడుకొని నిద్రపోతన్నట్టు నటించేవాడిని. ఏటి చెయ్యను మరి? నాకు భయమేసేది. డాక్టరు కూడా చెప్పీసాడు, మందులు తరవాత, ముందు ఆ పొగ మానమని.

సిలిండరుకి పేరు రాయించి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు. వెళ్ళి అడిగితే "నంబర్ ఆయేగా", నీ వంతు వస్తాదిలే అంటాడు, తలెత్తడు. అదృష్టం ఏటంటే రవణమ్మ అప్ప, అంటే మా వదిన, మా పక్క గుమ్మమే. వాళ్ళకి సిలిండరు ఉంది. డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి మా ఆవిడ బియ్యం, కూరలు పట్టుకొని అక్కడికెళ్ళి వండుకొని వచ్చీది. నేను అన్నం తింటుంటే గోడ అవతల్నుంచి మా తోడల్లుడు సూర్నారాయణ అరిచీవాడు, "తమ్ముడూ, మా గ్యాసు రుచిగుందా?" అనీసి. నవ్వుతూనే అంటాడు, మంచోడే. కాని ముద్ద మింగుడు పడేది కాదు.

ఇంటికి పైకప్పు వేయించగానే రవణమ్మని తీసికెళ్ళి చూపించాను. గదులన్నీ తిరిగింది. కిటికీలు తీసి చూసింది, మూసి చూసింది. వంటింట్లో చాలాసేపు నిలబడింది. అప్పుడంది:

"ఇల్లు బాగుందండీ. కాని ఒక్క మాట సెప్తన్నాను, ఇనండి. ఈ ఇంట్లో సిగ్డీ ముట్టించను. గృహప్రవేశం నాడు పాలు గ్యాసు మంట మీద పొంగాలి. పొంగితే ఆ పూటే నా బట్టల పెట్టి సర్దుకొని వచ్చీస్తాను. పొంగలేదా, నాను అప్ప పక్కనే క్యాంపులో ఉంటాను. మీరిక్కడుండండి. ఆదివారాలు వచ్చి సూసి ఎల్తాను."

"ఆదివారాలు వచ్చి చూడ్డానికి నేనేటి ఆసుపత్రిలో ఉన్నానా?" అన్నాను.

నవ్వలేదు. ఆవిడ నవ్వలేదంటే అది ఆర్డరు పాసైపోయినట్టే. ఎవరి కోసం కట్టాను ఈ ఇల్లు? ఒక్కడ్నీ అందులో కూచుని గోడలకి సున్నం వేసుకుంటూ ఉండనా?

అప్పుడు తట్టింది గోబర్ గ్యాసు. మా ఇంటి వెనకాలే ధన్నూ భయ్యా గేదెల కొట్టం, ఆవులు కూడా ఉన్నాయి. పేడ వాడికి బరువు, నాకు బంగారం. పైగా నేను ఎవర్ని? ఇన్నేళ్ళుగా గ్యాస్ డిపార్ట్‌మెంటు మనిషిని! మన ప్లాంటులో ఊరవతల్నించి కనబడే గ్యాస్ హోల్డరు చూసేవాడిని, ఈ గోతిలో డ్రమ్ము నాకో లెక్కా? రవణమ్మకి నేల మీద సుద్దతో గీసి మరీ చెప్పాను. ఇదిగో, ఈ తొట్టిలో పేడా నీళ్ళూ కలిపి పోస్తాం. గొట్టంలోంచి గోతిలోకి పోతాది. గోతిలో ఇనప డ్రమ్ము బోర్లించి ఉంటాది. గ్యాసు పుట్టేకొద్దీ డ్రమ్ము పైకి లేస్తాది. పైన రబ్బరు పైపు, ఆ పైపు నీ పొయ్యిలోకి. మిగిలిన జావ రెండో గొట్టంలోంచి బయటికొచ్చీస్తాది, మొక్కలకి గత్తం. పొగ లేదు, మసి లేదు, నంబరు కోసం చూడక్కర్లేదు.

"ఆవు పేడ మీద వంటా?" అంది.

"పిడకల మీద మీ అమ్మ వండలేదేటి? అదే ఇది, కాస్త చదువుకుంది."

అలాగ ఒప్పించాను. గొయ్యి తవ్వించి, ఇటికతో కట్టించి, డ్రమ్ము చేయించి దించాను. ధన్నూ పేడ మోసుకొచ్చి కలిపీవాడు, నేను నడుం మీద చేతులేసుకొని నిలబడి చూసేవాడిని. మొదట వచ్చిన గ్యాసు వెలగలేదు, అది అలాగే ఉంటాదంట, వదిలీసాం. తరవాత ఒకరోజు అగ్గిపుల్ల గీసానో లేదో, బుస్సుమని నీలం మంట! చిన్న చప్పుడు, చక్కటి మంట. నిజం చెప్తన్నాను, ప్లాంటులో ఇంతెత్తు మంటలు చూసినోడిని, ఆ అరచేతి మంట చూసి కళ్ళు చెమర్చాయి.

అక్కడితో ఆగుంటే బాగుండేది. ఆగుతామేటి మనం?

గృహప్రవేశానికి ముందురోజు శనివారం. పందిరి వేసినోళ్ళు, కుర్చీలు తెచ్చినోళ్ళు, వీధిలోవాళ్ళు, ఎవరొచ్చినా ముందు వంటింట్లోకి తీసికెళ్ళాను. "దేఖియే, దేఖియే, నీలా!" అనీసి వెలిగించడం. "అరె వాహ్!" అనిపించుకోవడం. ఆర్పడం. ఇంకొకళ్ళు వస్తే మళ్ళీ వెలిగించడం. ఎవరిదో ఇంటి అడ్రసు వెతుక్కుంటూ వచ్చిన పెద్దమనిషిక్కూడా చూపించాను. పాపం ఆయన మంచినీళ్ళు అడిగాడంతే. సాయంత్రానికి పెరట్లోకెళ్ళి చూస్తే డ్రమ్ము మోకాళ్ళ మీద కూచున్నట్టు కిందకి దిగిపోయింది. గ్యాసంతా గొప్పలకే సరి!

చలికాలం మరి. ఎండ లేకపోతే పేడ కూడా బద్ధకంగా ఉంటాది, గ్యాసు తొందరగా పుట్టదు. అది తెలుసు నాకు. తెలిసి ఏటి చేసాను? మనకి అలవాటే కదా, ప్రొడక్షన్ తగ్గిందంటే చార్జి, అంటే లోపల వేసే సరుకు, పెంచండి అనడం. ధన్నూని పిలిచాను. "భయ్యా, ఎంతుంటే అంత తీసుకురా."

ధన్నూకి పండగయిపోయింది. కొట్టం ఖాళీ అయిపోతాది కదా! "అవు లే గా, అవు లే!", ఇంకా తీస్కో, ఇంకా తీస్కో అనుకుంటూ గంపలు గంపలు తెచ్చి గుమ్మరించాడు. గడ్డీ గాదం కూడా అందులోనే. సరిగ్గా కలపలేదు, పిసకలేదు, కర్రతో తోసీసాం. గోతిలోకి ఎంత పట్టిందో అంతా పోసాం. ఆ గడ్డి వెళ్ళి జావ బయటికొచ్చీ గొట్టానికి అడ్డంగా కూచుందని నాకు తెలీదు. చూసుకోవాలి కదా? చూసుకోలేదు.

ఆదివారం పొద్దున్న. మామిడాకులు, గడపకి పసుపు, అంతా బ్రహ్మాండం. వచ్చినోళ్ళలో మగాళ్ళందరూ మన ప్లాంటోళ్ళే, కోక్ ఓవెన్ వాళ్ళు, మా గ్యాస్ వాళ్ళు, క్రేన్ వాళ్ళు. కొత్త పంచెలు, ఇస్త్రీ చొక్కాలు. పంతులు గారు స్కూటరు దిగుతూనే చెప్పారు, "నాయుడు గారూ, ఇక్కణ్ణుంచి సెక్టారు క్వార్టర్లలో నామకరణం, పవర్ హౌస్ దగ్గర వ్రతం, నన్ను నిలబెట్టకండి" అని. మా వదిన రిక్షా దిగింది. దిగి, రిక్షాలోంచి ఏటి దింపించిందో తెలుసా? సిగ్డీ! బొగ్గులతో సహా!

"ఎందుకైనా మంచిదని తెచ్చాను మరిదీ. ముహూర్తం మన కోసం ఆగదు కదా" అని, గేటు పక్కన పెట్టి చక్కగా ముట్టించీసింది.

రవణమ్మ పట్టుచీరలో గుమ్మంలో నిలబడుంది. ఆ సిగ్డీని చూసింది. నన్ను చూసింది. మొహం చిన్నబోయింది.

ఇత్తడి గిన్నెకి పసుపుకొమ్ము కట్టి, పాలు పోసి పొయ్యి మీద పెట్టారు. నేనే వెలిగించాను. వెలిగింది. కాని ఆ మంట చూస్తే దీపావళి మర్నాడు మిగిలిన మతాబాలాగుంది. ఉందంటే ఉంది. పంతులు గారు మంత్రాలు మొదలెట్టారు. మంత్రాలు అయిపోయాయి. మళ్ళీ మొదలెట్టారు. పాలు తెల్లగా, చల్లగా, కదలకుండా ఉన్నాయి. రవణమ్మ పొయ్యి ముందు పీట మీద కూచుని పాలకేసే చూస్తంది. ఆవిడ అంత దగ్గరగా వంగి దేన్నీ చూడ్డం నేనెప్పుడూ చూడలేదు.

పంతులు గారు చేతి వాచీ చూసుకొని దగ్గారు. "నాయుడు గారూ, దుర్ముహూర్తం వచ్చీస్తాది. నిప్పు ఏదైతేనేం, పాలు పొంగడం ప్రధానం. ఆ కుంపటి..."

"ఒక్క నిమిషం పంతులు గారూ!" అనీసి పెరట్లోకి పరిగెట్టాను.

నాకు గుర్తొచ్చింది ఏటంటే, డ్రమ్ము మీద బరువు పెడితే లోపల ప్రెషరు పెరుగుతాది. పెరిగితే మంట లేస్తాది. ఇది ఫిజిక్సు, ఇందులో తప్పు లేదు. ఇటికలు పేర్చాను. వంటింటి గుమ్మంలోంచి ఎవరో అరిచారు, "కొంచెం లేచింది!" ఇంకా పేర్చాను. "ఇంకొంచెం!" ఇటికలు అయిపోయాయి. చుట్టూ చూసాను. పందిరి కింద మా తోడల్లుడు సూర్నారాయణ కనబడ్డాడు.

మీకు తెలుసు కదా ఆయన్ని? క్రేను క్యాబిన్ ఎక్కితే క్రేనే ఒకసారి సర్దుకొని కూచుంటాదని మీరే అంటారు.

"అన్నయ్యా, మీరొచ్చి ఈ డ్రమ్ము మీద కూచోవాలి."

"కూచుంటే ఏటవుతాది?"

"పాలు పొంగుతాయి."

"నేను కూచుంటే పాలు పొంగుతాయేటి? మీ వదిన ఇన్నేళ్ళూ ఒక్కసారైనా చెప్పలేదు!"

మంచోడన్నాను కదా. పలకేసి, దాని మీద తువ్వాలు పరిచాను. కొత్త పట్టుపంచె సర్దుకొని, పెళ్ళిపీట మీద కూచున్నట్టు కూచున్నాడు. డ్రమ్ము "మ్మ్" మని మూలిగింది. వంటింట్లోంచి ఒకటే కేక, "లేచింది! మంట లేచింది!" ఆడవాళ్ళు చప్పట్లు. పందిట్లో మగాళ్ళంతా పెరట్లోకి వచ్చీసారు. ఒకడు గుమ్మం దగ్గర నిలబడి కామెంటరీ: "బుడగలొస్తన్నాయి! మీగడ కదుల్తంది! పైకొస్తన్నాయి!"

నాకు ఒళ్ళు తెలీలేదు. నేనూ రెండు చేతులూ ఆనించి, బలం కొద్దీ డ్రమ్ముని కిందకి నొక్కాను. "ఇంకొంచెం నొక్కు నాయుడూ!" అంటన్నారు. నొక్కాను. అందరి కళ్ళూ వంటింటి గుమ్మం మీదే.

మరి పైనుంచి అంతలా నొక్కితే లోపలున్న జావ ఎక్కడికి పోవాలి? బయటికి పోయే గొట్టంలో గడ్డి. అందుకని, వచ్చిన దారినే వెనక్కి తన్నుకుంటూ తొట్టిలోకి వచ్చీసింది. తొట్టి నిండిపోయి పెరట్లోకి. మా మేస్త్రి చేత వాస్తు ప్రకారం పెరడు వాలు ఈశాన్యానికి పెట్టించాను నేనే, దగ్గరుండి. జావ బుద్ధిగా, చప్పుడు లేకుండా, చక్కగా ఆ మూలకి పారింది. ఎవరమూ చూడలేదు.

అప్పుడయింది "టప్" మని. రబ్బరు పైపు డ్రమ్ము మూతి దగ్గర ఊడిపోయింది. ఊడి కింద పడింది, డ్రమ్ము మూతిలోంచి గ్యాసు పాములాగ బుస్స్... అని. ఇటు గ్యాసు, అటు గేటు పక్కన మా వదిన సిగ్డీ నిప్పులు! ఇన్నేళ్ళ ట్రైనింగు ఒక్కసారి నోట్లోకి వచ్చీసింది:

"గ్యాస్ లీక్! గ్యాస్ లీక్! గాలికి ఎదురు పరిగెట్టండి!"

ఇక చూడండి మన ప్లాంటోళ్ళ డిసిప్లిన్! వేరే ఊరోళ్ళయితే "ఓలమ్మో" అనీసి ఎటు పడితే అటు పోతారు. మనోళ్ళు అలా పోతారేటి? గ్యాసు లీకయితే ముందు గాలి ఎటుందో చూడాలి కదా. అందరూ ఒక్కసారి తలెత్తారు. దూరంగా మన చిమ్నీల పొగ చూసారు. పొగ నైరుతికి పోతంది. అంటే గాలి ఈశాన్యం నుంచి వస్తంది. అంటే ఈశాన్యానికి పరిగెట్టాలి. ఒకడూ తప్పు చెయ్యలేదు. అందరూ పంచెలు ఎగ్గట్టి, ఒకే దిక్కుకి, ఒకే వరసలో పరుగు!

అందరికంటే ముందు నేను.

కాలు పెట్టీదాకా తెలీలేదు. పెట్టాక తెలుసుకోడానికి టైము లేదు. నేను వెల్లకిలా, నా మీద కోక్ ఓవెన్ వాళ్ళు, వాళ్ళ మీద మా సెక్షన్ వాళ్ళు, ఆపుకోలేక చివరొచ్చినోళ్ళు గోడదాకా జారిపోయారు. లేవబోతే జారడం, పక్కోడి పంచె పట్టుకుంటే పంచె చేతికి రావడం. ఓరి బాబో, ఆ కంపు! నోరు మూసుకొని ఉన్నవాడు బతికాడు, అరిచినోడి పని అయిపోయింది. నేను అరిచాను.

రిటైరైన మా పాత ఫోర్‌మన్ ఆ జావలో కూచునే, మొహం తుడుచుకొని, ఎంతో శాంతంగా అడిగాడు, "నాయుడూ, మనం చేరాల్సిన అసెంబ్లీ పాయింటు ఇదేనా?"

ఇక సూర్నారాయణ. ఆయన పరిగెట్టలేదు. ఎలాగ పరిగెడతాడు? గ్యాసు పోయేకొద్దీ డ్రమ్ము ఆయనతో సహా మెల్లగా, లిఫ్టు దిగినట్టు కిందకి దిగిపోయింది. అంచుల్లోంచి జావ పైకొచ్చి, కొత్త పట్టుపంచె నడుం దాకా తడిసిపోయింది. చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకొని అలాగే కూచునున్నాడు మహానుభావుడు.

"తమ్ముడూ, నేను దిగొచ్చా? ఇంకా పొంగాలా?"

నాకప్పుడు స్పృహ వచ్చింది. రవణమ్మ! పొయ్యి ముందు కూచోబెట్టి వచ్చీసాను! అందరికీ దిక్కులు చెప్పి పరిగెట్టించినోడిని, కట్టుకున్నదాన్ని గ్యాసు దగ్గర వదిలీసి అందరికంటే ముందు నేనే పరిగెట్టాను. జారుకుంటూ, పాక్కుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాను.

ఆడవాళ్ళంతా ఎక్కడున్నోళ్ళు అక్కడే ఉన్నారు. ఒక్కరి చీరకి మరక లేదు. మా ఆవిడ పొయ్యి దగ్గర లేదు. గేటు దగ్గరుంది. చేతిలో బాల్టీ. సిగ్డీలోంచి తెల్లగా ఆవిరి లేస్తంది. కాళ్ళు కడుక్కోడానికి పెట్టిన నీళ్ళు మొత్తం వాళ్ళ అప్ప సిగ్డీ మీద పోసీసింది!

"మీరు గ్యాసని అరిసినారు. నిప్పెక్కడుందో నాను సూసాను" అంది. అంతే.

బాల్టీ అందుకుందామని నా చెయ్యి చాపాను. నా చెయ్యి చూసి వెనక్కి జరిగింది. తప్పులేదు.

ఈలోగా పంతులు గారు. ఆయన ప్లాంటు మనిషి కాదు కదా, గాలీ దిక్కూ చూడకుండా వీధిలోకి పోయి స్కూటరు తన్నారు. మలుపు దాకా వెళ్ళాక దక్షిణ గుర్తొచ్చిందో, మంత్రం మిగిలిపోయిందో, వెనక్కి వచ్చారు. గుమ్మం అవతలే నిలబడి, ఉత్తరీయం ముక్కుకి అడ్డం పెట్టుకొని, అసలు ప్రశ్న అడిగారు:

"అమ్మా, ఇంతకీ పాలు పొంగాయా?"

నిజమే కదా! పైపు ఊడేసరికి పాలు ఎక్కడున్నాయి? అంచు దాకా వచ్చాయి, అది విన్నాను. పొంగాయో లేదో చూసిన మగాడు ఒక్కడూ లేడు. అందరం ఈశాన్యంలో ఉన్నాం. మా వదిన తడిసిన బొగ్గులకేసి చూస్తూ, "పొంగడమేటి పంతులు గారూ..." అని నోరు తెరిచింది.

"పొంగినాయండి" అంది రవణమ్మ. "సక్కగా పొంగినాయి. తూర్పుకే పొంగినాయి."

వదిన నోరు మూసీసింది. చెల్లెలి మొహం చూసి ఏటనుకుందో మరి. "అవునవును, తూర్పుకే" అంది. మిగతా ఆడవాళ్ళు కూడా "తూర్పుకే, తూర్పుకే" అన్నారు. పంతులు గారు పెరట్లో మా పరిస్థితి ఒకసారి చూసారు. "గోమయం కూడా ఈశాన్యానికే పారింది, దివ్యంగా ఉంది, ఇక నాకు సెలవు" అనీసి, ఈసారి స్కూటరు ఎక్కడా ఆపలేదు.

మమ్మల్ని కడిగింది ధన్నూ భయ్యా. గేదెలు కడిగే పంపు దగ్గర వరసగా నిలబెట్టి, పైపుతో. గేదెలు నెమరేసుకుంటూ చూస్తన్నాయి. "కా హోగే గా?", ఏటయిందీ అని ధన్నూ అడుగుతాడు, జవాబు వినకుండానే పడిపడి నవ్వుతాడు. వదిన అటు నుంచి సామెత: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల మరిదీ!" తొక్కడం అయితే ఫరవాలేదు వదినా, మేం అందులో ఈత కొట్టాం అన్నాను. పంచెలు మార్చుకోడానికి లేక సగం మంది పందిరి గుడ్డలు కట్టుకొని భోజనానికి కూచున్నారు. సూర్నారాయణకి ఒక గుడ్డ సరిపోలేదు, రెండు కలిపి కట్టాం. కాని ఒకటి చెప్పాలి, ఆరోజు తిన్నట్టు, నవ్వినట్టు ఏ గృహప్రవేశంలోనూ ఎవరూ తినలేదు, నవ్వలేదు.

అందరూ వెళ్ళాక వంటింట్లోకి వెళ్ళాను. గిన్నె అలాగే ఉంది పొయ్యి మీద. పాలు అంచుకి రెండు వేళ్ళు కింద, పైన మీగడ కట్టి. పొయ్యి పొడిగా, తళతళా మెరుస్తంది. ఒక్క చుక్క పడలేదు.

"రవణా, పొంగినాయన్నావు?"

ఆవిడ గిన్నె దించి, పసుపుకొమ్ము విప్పుతూ అంది, "లేదని సెప్తే అప్ప ఆ సిగ్డీని మళ్ళీ ముట్టించి లోపలికి తెచ్చీసేది. నా ఇంట్లో మొదటి పొగ అదయ్యేది. దానికన్నా అబద్ధమే నయం కదా?" కొమ్ము పక్కన పెట్టి, "ఆ మంట బాగుందండీ. కళ్ళు మండలేదు" అంది.

ఇంత చేసినా ఉంటానంటంది! "అయితే ఉండిపోతావా?" అన్నాను.

"ఉంటాను. క్యాంపుకెళ్ళి నా బట్టల పెట్టి తెచ్చుకుంటాను. కాని ఒకటి. ఇక మీదట ఈ పైపూ, ఈ పొయ్యీ, ఆ డ్రమ్మూ నాయి. మీరు ముట్టుకోడానికి లేదు. ఎవరికీ సూపించడానికి లేదు. దాని మీద ఎవర్నీ కూసోబెట్టడానికి అసలు లేదు."

అయిపోయింది కథ. ఈ వారం రోజులూ నేను ఇంట్లో సెలవులో లేను, డ్యూటీలో ఉన్నాను. పైపుకి క్లిప్పు వేయించింది, గొట్టంలో గడ్డి నా చేతే తీయించింది. మంట రోజూ బాగా వస్తంది. దగ్గు తగ్గింది, రెండు రాత్రుల నుంచి అసలు లేదు. నేను కూడా గోడవైపు తిరక్కుండా పడుకుంటన్నాను. ఇన్నేళ్ళు గ్యాస్ డిపార్ట్‌మెంటులో సీనియర్ని కదా, మా ఇంట్లో నా పోస్టు ఏటో తెలుసా? పేడ కలపడం. ధన్నూ సరిగ్గా పిసకడంట, అందుకని నాకిచ్చింది. పొద్దున్నే మోచేతుల దాకా. ఆవిడ గుమ్మంలో నడుం మీద చేతులేసుకొని నిలబడి చూస్తాది.

ఇదిగో, ఈ డబ్బాలో ఉప్మా ఆ మంట మీదే చేసింది, మీ ముగ్గురికీ కూడా పెట్టింది. తీసుకోండి. ఏటలా చూస్తన్నారు? చేతులు కడుక్కునే వచ్చానురా బాబూ!